సీలేరుకు ఎదురెక్కే సైకిల్ దారి

వానలు పడే నెలల్లో మా వైపు పేపర్ల జిల్లా పేజీల్లో ఒక మూల జలాశయాల నీటిమట్టాలు అచ్చవుతుంటాయి. జోలాపుట్ పూర్తిస్థాయి మట్టం 2750 అడుగులు, డుడుమ 2590, బలిమెల 1516, గుంటవాడ 1360, డొంకరాయి 1037, ఒక్కోదాని పక్కన ఆ రోజు ఉన్న నీరు. విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో ఉద్యోగులకు, గోదావరి డెల్టాలో దాళ్వా, అంటే రెండో పంట వరి, వేసే రైతులకు తప్ప ఆ వార్తతో ఎవరికీ పెద్దగా పని ఉండదు. తూర్పు కనుమల్లో సైకిల్ మీద ఒక చుట్టు చుట్టి రావాలని దారి గీసుకోవడం మొదలుపెట్టాక నాకు మాత్రం అదే ముఖ్యమైన వార్త అయింది. ఆ అయిదు జలాశయాలూ ఒకే నది మీదివి. పైన మాచ్‌ఖండ్ అనిపించుకునే నది కింద సీలేరు అయి, శబరిలో కలిసి, శబరితో పాటు గోదావరిలో చేరేలోపు ఈ అయిదు మెట్లు దిగుతుంది. పై మెట్టుకూ కింది మెట్టుకూ మధ్య తేడా 1713 అడుగులు.

ఆ మెట్లను దిగుతూ చూడాలా, ఎక్కుతూ చూడాలా అన్నదే ఈ వ్యాసంలో నా పేచీ. సైకిళ్లు తొక్కే మిత్రుల్లో ఎక్కువమంది మొదటిదే సరైనదంటారు. నర్సీపట్నం నుంచి తాజా కాళ్లతో లంబసింగి ఎక్కేసి, చింతపల్లి, గూడెం కొత్తవీధి, ధారకొండ మీదుగా, గుంటవాడ జలాశయం పక్కనున్న సీలేరు ఊరికి దిగి, నది వెంట డొంకరాయి, మోతుగూడెం, చింతూరు చేరి, మారేడుమిల్లి మీదుగా బయటపడటం వాళ్ల ప్రణాళిక. మొదటి రోజు కష్టపడితే మిగిలిన రోజులు నదే దారి చూపిస్తుందని వాళ్ల ధీమా. నేను అదే చుట్టును తిరగేయాలంటున్నాను. రాజమహేంద్రవరంలో రైలు దిగి, రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు మీదుగా నది అడుగుకు వెళ్లి, అక్కడి నుంచి నీటికి ఎదురుగా ఎక్కుతూ పోయి, చివర లంబసింగి దగ్గర కొండ దిగి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, అడ్డతీగల మీదుగా మళ్లీ రంపచోడవరం చేరాలి.

చెడ్డ రోడ్డు ఎటు వాలి ఉంది?

నా వాదనలో బలమంతా రోడ్డులోనే ఉంది. ధారకొండ నుంచి సీలేరుకు దిగే ఘాట్ రోడ్డును నేను ఆర్టీసీ బస్సు కిటికీలోంచి చూశాను. ఒక మలుపులో ఎదురుగా జనంతో, మూటలతో నిండిన జీపు వస్తే, మా డ్రైవరు బస్సును కొండ వైపు ఒరిపించి నిలిపేశాడు. జీపు ఎక్కుతుంటే దాని వెనక చక్రాల కింద నుంచి పిడికెడేసి రాళ్లు లేచి లోయలోకి పోయాయి. ఆ మలుపులో తారు అనేది అంచున ఒక చారలాగా మాత్రమే మిగిలి ఉంది. మోటారు బండికి అదొక చిన్న ఇబ్బంది. పదిహేను కిలోల సామాను కట్టుకున్న సైకిల్‌కు, అందులోనూ దిగుడులో, అది పడిపోయే చోటు.

ఎక్కేటప్పుడు సైకిల్ గంటకు ఆరు, ఏడు కిలోమీటర్లకు మించి పోదు. ఆ వేగంలో చక్రం రాయి మీద జారినా కాలు కింద పెడితే సరిపోతుంది. దిగేటప్పుడు అదే రాయి ముప్పై కిలోమీటర్ల వేగంలో ఎదురవుతుంది. పైగా రిమ్మును నొక్కి ఆపే బ్రేకులైతే, పొడుగాటి దిగుడులో రిమ్ము వేడెక్కి, బ్రేక్ షూలు అరిగి, ఒక్కోసారి ట్యూబే పేలుతుంది. లంబసింగి ఘాట్ దిగుతూ మధ్యలో ఆగినప్పుడు తోటివాడు సీసాలో నీళ్లు కొన్ని ముందు రిమ్ము మీద పోశాడు. పెనం మీద పోసినట్టు చుయ్యిమంది. అది మంచి రోడ్డు మీద జరిగిన సంగతి. గతుకుల ఘాట్‌లో పట్టిన బ్రేకు వదలడానికే ఉండదు కాబట్టి వేడి ఇంకా ఎక్కువ.

కాబట్టి చెడ్డ రోడ్డు ఎక్కుడులోకి, మంచి రోడ్డు దిగుడులోకి వచ్చేలా చుట్టును తిప్పుకోవాలి. సీలేరు, ధారకొండల మధ్య రోడ్డు కంటే లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు దిగే రోడ్డు ఎన్నో రెట్లు నయం. ఈ ఒక్క తేడా చాలు, దిశను నిర్ణయించడానికి.

ఇంకో సంగతి వెనుదిరగడం గురించి. దారి గీసేటప్పుడు ఎవరూ దాని మాట ఎత్తరు. కొండల్లో చైన్ తెగవచ్చు, జ్వరం రావచ్చు, కొండవాగు పొంగి రోడ్డు కోసేయవచ్చు. నదికి ఎదురెక్కుతున్నప్పుడు ఏ చోట మానుకున్నా వెనక్కి వచ్చే దారి మొత్తం మీద దిగుడే. చింతూరు చేరితే భద్రాచలం బస్సు దొరుకుతుంది. నది వెంట దిగుతూ వచ్చి డొంకరాయి దగ్గర ఆగిపోయినవాడు వెనక్కి పోవాలంటే జ్వరంతో ధారకొండ ఎక్కాలి. ముందుకు పోవాలన్నా మారేడుమిల్లి ఘాట్ అడ్డం ఉండనే ఉంది.

మారేడుమిల్లి దగ్గర తప్పే లెక్క

ఇంత చెప్పాక నా సూత్రం ఒక చోట పనిచేయదని కూడా చెప్పాలి. రాజమహేంద్రవరం నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు, రంపచోడవరం దాటాక అడవి మొదలవుతుంది. మారేడుమిల్లి దాటాక చింతూరు దాకా నలభై కిలోమీటర్ల పైచిలుకు ఘాట్ ఉంది. నేను చెప్పిన దిశలో వెళ్తే దాన్ని చింతూరు వైపుకు దిగాలి. లారీలు, రాత్రి బస్సులు, భద్రాచలం వెళ్లే కార్లు అన్నీ ఆ ఇరుకు మలుపుల్లోనే తిరుగుతాయి. నా దిశను వ్యతిరేకించిన మిత్రుడు సరిగ్గా ఇక్కడే పట్టుకున్నాడు. “నువ్వు ప్రమాదాన్ని తప్పించుకోలేదు, చివరి రోజు నుంచి రెండో రోజుకు మార్చుకున్నావు, అంతే” అన్నాడు.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. భద్రాచలం వైపు నుంచి చింతూరుకు వస్తే ఈ ఘాటే ఉండదు, కానీ అప్పుడు చుట్టు చుట్టుగా ఉండదు, అడవిలో మంచి భాగం పోతుంది. నేను ఆలోచించి పెట్టుకున్నది ఏమిటంటే, మారేడుమిల్లిలో రాత్రి ఆగి, తెల్లవారిన వెంటనే బయలుదేరి, ఎండ ముదిరే లోపు ఘాట్ దిగేయడం. పగటి వెలుగులో, రెండో రోజు కాళ్లతో, కొత్త బ్రేక్ షూలతో దిగడం, అలసిపోయిన చివరి రోజు సాయంత్రం దిగడం కంటే మేలు. అయితే వాళ్లు చెప్పిన ప్రణాళికలో చివరి రోజు ఆ ఘాట్‌ను ఎక్కుతారు గదా, దిగరు గదా అని మిత్రుడు అనగలడు, అన్నాడు కూడా. ఆ ఒక్క లెక్క అతనిదే. మొత్తం మీద రెండు ఘాట్‌లలో ఏదో ఒకదాన్ని అసౌకర్యమైన వైపుకు దిగక తప్పదు కాబట్టి, తారు ఉన్నదాన్ని ఎంచుకున్నాను.

మారేడుమిల్లిలో ఆగేవాళ్లు బొంగులో చికెన్ తినకుండా వెళ్లరు. తినండి. కానీ ఆ మర్నాడు ఘాట్ దిగాలన్న సంగతి గుర్తుంచుకుని, జీలుగు కల్లు మాత్రం ఇంకో ప్రయాణానికి వాయిదా వేయండి.

నీటిమట్టాలు చెప్పని సంగతి

డొంకరాయికి, గుంటవాడకు మట్టాల్లో తేడా 323 అడుగులు, అంటే వంద మీటర్లకు ఒకటి రెండు తక్కువ. కాగితం మీద చూస్తే అది ఒక మధ్యాహ్నం పని కూడా కాదు. అందువల్లనే ఈ భాగాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. నీరు సమంగా ఉంటుంది గాని, రోడ్డు నీటి అంచున నడవదు. ప్రతి వాగు దగ్గరా కిందికి దిగి, వాగు దాటి, మళ్లీ గుట్ట భుజం మీదికి ఎక్కుతుంది. ఇలా ఎక్కిన మీటర్లను, దిగిన మీటర్లను తీసేయకుండా కలుపుకుంటూ పోతే వచ్చే మొత్తమే కాళ్లకు తెలిసే మొత్తం. మ్యాపులో ఎత్తుల గీతను పరిశీలించి ఆ లెక్క వేయవచ్చు, కానీ చెట్ల పైకప్పును నేలగా లెక్కపెట్టే మ్యాపులు అడవిలో కొంత అబద్ధం ఆడతాయి. కిలోమీటర్లను పక్కన పెట్టి, ఎక్కే మీటర్లను చూసి రోజును విభజించుకోవడమే నాకు తెలిసిన ఉపాయం. సామానుతో, ఇలాంటి రోడ్డు మీద, రోజుకు వెయ్యి మీటర్ల ఎక్కుడు దాటకుండా చూసుకోవాలి. అలా చూస్తే కొన్ని రోజులు నలభై కిలోమీటర్లకే అయిపోతాయి. దానికి నామోషీ పడనక్కర్లేదు.

గేర్ల విషయంలోనూ ఇదే లెక్క. ముందు చిన్న పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి 28 పళ్లు ఉన్న రోడ్డు సైకిల్‌తో సీలేరు నుంచి పీఠభూమి మీదికి ఎక్కుతానన్నవాడికి దండం పెట్టి పంపించాలి. సీలేరు దగ్గర నీరు సుమారు 415 మీటర్ల ఎత్తున ఉంది, చింతపల్లి 800 మీటర్ల పైన ఉంది, మధ్యలో రోడ్డు ఎన్నిసార్లు దిగి ఎక్కుతుందో అదంతా అదనం. ముందు 26, వెనక 34 ఉంటే కూర్చుని తొక్కుతూ చుట్టూ చూడవచ్చు.

ఆ చూడటమే నా రెండో వాదన. ఎదురెక్కినప్పుడు ఈ నది కథ తోకనుంచి మొదలవుతుంది. మొదట పొల్లూరు దగ్గర విద్యుత్ కేంద్రం కనిపిస్తుంది, 115 మెగావాట్లవి నాలుగు యూనిట్లు, మొత్తం 460. ఆ నీరు ఎక్కడిదని చూస్తే పైన కాలువ, ఆ కాలువ డొంకరాయి నుంచి. డొంకరాయికి నీరు ఎగువ సీలేరు కేంద్రాన్ని నడిపి వచ్చినది, ఆ కేంద్రానికి నీరు గుంటవాడది, గుంటవాడకు బలిమెలది. బలిమెల దగ్గర నీటిని ఒడిశా, ఆంధ్ర చెరిసగం పంచుకుంటాయి. ఒక సగం అటు బలిమెల కేంద్రానికి పోతే, మన సగం ఇలా సీలేరుకు వస్తుంది. పైన జోలాపుట్‌లో నిలిచిన నీటితో 1955 నుంచి మాచ్‌ఖండ్ కేంద్రం నడుస్తోంది. దిగుతూ వచ్చేవాడికి ఇదంతా వరసగా కనిపించే సరస్సులే. ఎక్కేవాడు మాత్రం ప్రతి సరస్సు దగ్గరా దీనికి నీరెక్కడిదని అడుగుతూ పోతాడు, పై మజిలీ దానికి జవాబు చెబుతుంది.

ఇవి కొండ సరస్సులు కావు, ఆనకట్టల వెనక నిలిచిన నీళ్లు అని తెలిసినవారు అంటారు. నిజమే. వాటి కింద పొలాలు, ఊళ్లు ఉన్నాయి. బలిమెల నిండాక ఒడిశా వైపు కొండల మీద మిగిలిపోయిన ఊళ్లకు దశాబ్దాల పాటు పడవ తప్ప దారి లేదు. 2018లో గురుప్రియ వంతెన తెరిచాకే అక్కడికి రోడ్డు పడింది. ఆ వంతెనను చూపించి చుట్టును ఒడిశాలోని చిత్రకొండ వైపు పెంచుదామని ఒకరిద్దరు ఉత్సాహపడ్డారు. నేను వద్దన్నాను. వంతెన వచ్చినంత మాత్రాన అది మనకు విహారస్థలం అయిపోదు. అదీగాక రెండు రాష్ట్రాల తనిఖీలు, తెలియని రోడ్లు, ఇంకో మూడు రోజులు కలిస్తే ఈ చుట్టు నడుం విరుగుతుంది.

రాత్రి ఎక్కడ పడుకోవాలి

దారిలో గేట్ల దగ్గర రిజిస్టర్లు ఉంటాయి. మారేడుమిల్లి ఘాట్‌లో ఒక గేటు దగ్గర గార్డు నా పేరు, ఊరు రాసుకుని, బండి నెంబరు గడి దగ్గర ఆగిపోయాడు. కాసేపు కలం ఝాడించి, అక్కడ “సైకిలు” అని రాశాడు. “అవతలి గేటుకి ఎన్నింటికి చేరతారని రాయమంటారండీ?” అని అడిగాడు. సాయంత్రం లోపు అన్నాను. “మధ్యాహ్నం భోజనం?” అన్నాడు. అటుకులు ఉన్నాయన్నాను. అతను రిజిస్టరు మూసి, లోపలికి వెళ్లి రెండు అరటిపళ్లు తెచ్చి ఇచ్చాడు.

ఆ రిజిస్టరులోని గడులే ఈ దారి మీద వసతులన్నిటికీ కొలత. అంతా మోటారు వేగానికి ఏర్పడింది. మారేడుమిల్లిలో అటవీశాఖ వసతి ఉంది, చింతూరులో, చింతపల్లిలో, పాడేరులో లాడ్జీలు ఉన్నాయి. మధ్యలో ఉన్నవాళ్లు ఉద్యోగులు, గిరిజన గ్రామాలవాళ్లు. కారులో వెళ్లేవాడు చింతూరులో టిఫిన్ చేసి చింతపల్లిలో పడుకుంటాడు. సైకిల్ మీద అది రెండు రోజుల పని, కష్టమైతే మూడు. డొంకరాయి, సీలేరుల్లో జెన్‌కో కాలనీలు ఉన్నాయి, అతిథిగృహాలకు ముందుగా అనుమతి తీసుకోవాలి. విద్యుత్ కేంద్రాల దగ్గర, ఆనకట్టల మీద ఫొటోలు తీయబోయి తగువు పెట్టుకోకూడదు. అనుమతి చేతిలో లేకుండా ‘ఎవరో ఒకరు ఉండనిస్తారు’ అని బయలుదేరడాన్ని కొందరు సాహసం అంటారు. మన సాహసానికి ఇంటి అరుగు, గిన్నెడు అన్నం ఇంకొకరు సమకూర్చవలసి వస్తుంది. ఏజెన్సీ ఊళ్లలో కాదనేవాళ్లు తక్కువ, అందుకే అడగడానికి ముందు ఆలోచించాలి.

ఈ భాగమే నా ప్రణాళికలో బలహీనమైన చోటు. నా దిశలో ఇది మూడు, నాలుగో రోజుల్లో వస్తుంది, అప్పటికి కాళ్లు బరువెక్కి ఉంటాయి. అందుకని చింతూరులో ఒక పూట ఊరికే ఆగుదామంటున్నాను. శబరి ఒడ్డున కూర్చుని బట్టలు ఉతుక్కోవడానికైనా అది చాలు. దోమతెర ఆ పూట నుంచే అవసరం. ఈ కొండల్లో మలేరియా పాత కథ కాదు. పై ఊళ్లలో ఏ రోజు ఎక్కడ సంతో చింతూరులోనే కనుక్కోవాలి. సంత రోజు రోడ్డు మీద జీపుల రద్దీ ఉంటుంది, కానీ వేడి బజ్జీలు, అరటిపళ్లు, సైకిల్ రిపేరు చేసేవాడు ఒక్కచోట దొరికేది ఆ రోజే.

జోలాపుట్ దాకా పోవాలా?

నదికి ఎదురెక్కుతున్నామని ఇంత హడావుడి చేసి, చింతపల్లి నుంచి లంబసింగికి తిరిగిపోతే పై మూడు మెట్లు మిగిలిపోతాయి. జోలాపుట్‌కు పాడేరు, పెదబయలు, ముంచంగిపుట్టు మీదుగా పోవాలి. చింతపల్లి నుంచి పాడేరే సుమారు నలభై కిలోమీటర్లు. రానూపోనూ కలిపితే చుట్టుకు ఒక తోక తగిలించినట్టు అవుతుంది, పోయిన దారినే తిరిగి రావడం సైకిల్ మనుషులకు నచ్చదు. నేను పోవాలనే అంటాను, ఒక షరతు మీద. సామానంతా పాడేరులో గదిలో పడేసి, ఒక టూల్ సంచి, ఒక స్వెట్టరు, నీళ్లు పట్టుకుని ఖాళీ సైకిళ్లతో వెళ్లాలి. నాలుగైదు రోజులు పదిహేను కిలోలు మోసిన సైకిల్ మీద నుంచి సంచులు తీసేస్తే అది కోడెదూడలాగా ఉరుకుతుంది. నవంబరులో అయితే ఆ పీఠభూమి మీద వలిసెలు పూసి మెట్టలన్నీ పసుపుపచ్చగా ఉంటాయి, సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ పళ్లు ఎర్రబారుతుంటాయి. కింద చింతూరు దగ్గర వెదురు, టేకు మధ్య చెమటోడ్చినవాడికి ఇది వేరే దేశం. దిగుతూ వచ్చేవాడు మొదటి రెండు రోజుల్లో ఇది చూసేసి తర్వాత ఉక్కలోకి దిగుతాడు. చల్లదనం చివర ఉండటం న్యాయం.

తిరుగు దారి

లంబసింగి దిగాక మిగిలిన భాగం గురించి మిత్రులెవరికీ ఆసక్తి లేదు. నర్సీపట్నంలో సైకిళ్లు వ్యాన్ ఎక్కించి తుని స్టేషనుకు పోదామంటారు. చుట్టు పూర్తి చేయాలన్నది నా పట్టు. దానికి కారణం ఆ ఊళ్ల వరసే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీస్ స్టేషను మీద పడ్డారు, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మనం గేర్ల పళ్లు లెక్కపెట్టుకుంటూ తొక్కాలనుకుంటున్న ఆ కొండలను వాళ్లు నడివానాకాలంలో, నడిచి, పట్టుకున్న తుపాకులు మోస్తూ మూడు రోజుల్లో దాటారు. ఆ తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో రోడ్డు పని కూడా ఒకటి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం మనుషుల చేత చాలీచాలని కూలికి రోడ్డు వేయించాడు. కష్టమైన చుట్టు అని మనం గొప్పగా చెప్పుకునేటప్పుడు ఆ సంగతి తెలిసి ఉండటం మంచిది. కృష్ణదేవిపేటలో రాజు సమాధి ఉంది. ఎలాగూ ఆగుతాం, అక్కడే ఒక రాత్రి ఉండి మర్నాడు అడ్డతీగల వైపు పోవచ్చు. రాజమహేంద్రవరం నుంచి కొయ్యూరు, లంబసింగి, పాడేరు మీదుగా విజయనగరం పోయే 516ఇ జాతీయ రహదారి విస్తరణ పనులు ఈ వైపు రోడ్ల రూపాన్ని మార్చేస్తున్నాయి కాబట్టి, ఏ ముక్క తవ్వి ఉందో, ఏది పూర్తయిందో బయలుదేరే వారం ముందు ఫోను చేసి కనుక్కోవాలి.

ఇక మిగిలింది కాలం. వానల్లో శబరి ఎగదన్ని చింతూరు చుట్టుపక్కల రోడ్లు మునుగుతాయి, మార్చి తర్వాత కింది అడవిలో ఎండ భరించలేం. నవంబరు నుంచి జనవరి దాకా మంచిది. అయితే డిసెంబరు, జనవరి శనాదివారాల్లో మంచు చూడాలని నగరాల నుంచి బయలుదేరిన కార్లు తెల్లవారుజామున లంబసింగి ఘాట్ నిండా ఉంటాయి. ఆ మంచులో, హెడ్‌లైట్లకు ఎదురుగా సైకిల్ మీద దిగడం నా మంచి రోడ్డు వాదనను మొత్తం కొట్టేస్తుంది. లంబసింగి నుంచి దిగేది మంగళవారమో బుధవారమో అయ్యేలా, పొద్దున తొమ్మిది దాటి మంచు విడిపోయాకే బయలుదేరేలా పెట్టుకుని, అక్కడి నుంచి జోలాపుట్ రోజులు, చింతూరు పూట అన్నీ వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చి రాజమహేంద్రవరానికి రైలు టిక్కెట్లు తీసుకోవాలి.